కాడ్మియం సెలీనైడ్ క్వాంటం డాట్లను ప్రయోగశాలలో తయారు చేసే పద్ధతి

ఒకే ఫ్లాస్కులో, ఒకే పదార్థాలతో, ఒకే ఉష్ణోగ్రత వద్ద జరుగుతున్న చర్య నుంచి తొలి నిమిషంలో తీసిన నమూనా అతినీలలోహిత కాంతిలో ఆకుపచ్చగా వెలుగుతుంది. కొన్ని నిమిషాల తరువాత తీసినది నారింజ రంగులో వెలుగుతుంది. రెండింటిలోనూ ఉన్నది కాడ్మియం సెలీనైడే. మారినది కణం పరిమాణం ఒక్కటే. పరిమాణాన్ని బట్టి రంగు మారే ఇలాంటి నానోమీటర్ల స్ఫటికాలనే క్వాంటం డాట్లు అంటారు. ఈ వ్యాసం ఆ కణాలను మొదటిసారి తయారు చేయబోతున్న ఎం.ఎస్సీ. విద్యార్థుల కోసం, పరిశోధనలో అడుగుపెడుతున్న వారి కోసం రాసినది. ఈ చర్యలో పదార్థాలను కొలిచి కలపడం కష్టమైన పని కాదు. సెలీనియం కలిపిన తరువాతి మూడు నిమిషాల్లో ఉష్ణోగ్రతను, సమయాన్ని చేతిలో ఉంచుకోవడమే అసలు నైపుణ్యం. అందుకే సిద్ధం చేసుకోవలసిన వాటి గురించే ఇక్కడ ఎక్కువగా చెప్పాను.

మామూలు పరిమాణంలో ఉన్న కాడ్మియం సెలీనైడ్ స్ఫటికానికి బ్యాండ్ గ్యాప్ (బందీగా ఉన్న ఎలక్ట్రాన్‌ను కదిలే స్థితికి లేపడానికి కావలసిన కనీస శక్తి) సుమారు 1.74 ఎలక్ట్రాన్ వోల్టులు. కాంతి పరంగా చూస్తే అది 710 నానోమీటర్ల దగ్గర, అంటే కంటికి కనిపించే ఎరుపు అంచున ఉంటుంది. స్ఫటికం అయిదారు నానోమీటర్ల కంటె చిన్నదైనప్పుడు అందులోని ఎలక్ట్రాన్, అది వదిలిన ఖాళీ (హోల్) ఇరుకున పడి వాటి శక్తి పెరుగుతుంది. కణం ఎంత చిన్నదైతే గ్యాప్ అంత పెద్దదై, వెలువడే కాంతి ఎరుపు నుంచి నీలం వైపు జరుగుతుంది. 1980ల మొదట్లో అలెక్సీ ఎకిమోవ్ రంగు గాజులో, లూయిస్ బ్రస్ ద్రావణంలో తేలే కణాల్లో ఈ ప్రభావాన్ని వేర్వేరుగా గమనించారు. 1993లో మౌంగీ బావెండీ బృందం మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో, వేడి ద్రావణిలోకి పదార్థాలను ఒక్కసారిగా చేర్చి, దాదాపు ఒకే పరిమాణం గల కణాలను రాబట్టే పద్ధతిని చూపింది. ఈ ముగ్గురికీ 2023లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. బావెండీ పద్ధతిలో వాడిన డైమిథైల్ కాడ్మియం గాలి తగిలితేనే మండే ప్రమాదకర ద్రవం. 2001లో షియావోగాంగ్ పెంగ్ బృందం దాని స్థానంలో కాడ్మియం ఆక్సైడును వాడవచ్చని చూపిన తరువాతే ఈ ప్రయోగం సాధారణ కళాశాల ప్రయోగశాలలకు అందుబాటులోకి వచ్చింది. కింద వివరించిన పద్ధతి ఆ దారిలోదే.

ఎవరు చేయకూడదు

కాడ్మియం క్యాన్సర్ కారకమని నిర్ధారణ అయింది. ఒంట్లో చేరితే మూత్రపిండాల్లో ఏళ్ల తరబడి నిలిచిపోతుంది. పనిచేసే ఫ్యూమ్ హుడ్, భారలోహాల వ్యర్థాలను విడిగా సేకరించే ఏర్పాటు, పక్కన అనుభవం గల మార్గదర్శకుడు లేనిచోట ఈ ప్రయోగం చేయకండి. ఇంట్లో అసలే వద్దు. ఆ సౌకర్యాలు లేని కళాశాలల్లో మాంగనీసు చేర్చిన జింకు సల్ఫైడు కణాలను నీటిలోనే, గది ఉష్ణోగ్రత వద్ద అవక్షేపంగా రాబట్టవచ్చు. అవి నారింజ రంగులో చక్కగా వెలుగుతాయి. అయితే ఆ కాంతి మాంగనీసు అయానుల నుంచి వస్తుంది కనుక, పరిమాణంతో పాటు రంగు మారడాన్ని వాటిలో చూడలేరు.

సిద్ధం చేసుకోవలసినవి

25 మి.లీ. పట్టే మూడు మెడల రౌండ్ బాటమ్ ఫ్లాస్కు, హీటింగ్ మాంటిల్, మాగ్నెటిక్ స్టిర్రర్, నైట్రజన్ లేదా ఆర్గాన్ సరఫరా, వీలైతే వ్యాక్యూమ్ పంపు అవసరం. ఒక మెడకు కండెన్సర్, రెండో మెడకు థర్మోకపుల్, మూడో మెడకు రబ్బరు సెప్టం అమర్చండి. పాదరసం థర్మామీటరు వాడకండి; చర్య జరిగే 225 డిగ్రీల సెల్సియస్ వద్ద అది పగిలితే కాడ్మియానికి పాదరసపు ఆవిరి తోడవుతుంది. థర్మోకపుల్ కొన ద్రవంలో పూర్తిగా మునిగి ఉండాలి, ఫ్లాస్కు గోడకు ఆనకూడదు. గోడకు ఆనితే కనిపించే అంకె మాంటిల్ వేడిదే తప్ప ద్రావణం వేడి కాదు. ఒకరికి ఆకుపచ్చ కణాలు వచ్చిన సమయానికి మరొకరికి పసుపు కణాలు రావడానికి చాలాసార్లు ఇదే కారణం.

సిలికోన్ ఆయిల్ బాత్ ఈ ఉష్ణోగ్రతలో పొగలు కక్కుతుంది కనుక మాంటిల్ గానీ ఇసుక బాత్ గానీ మేలు. కండెన్సరులో నీరు పారించవలసిన అవసరం లేదు. ద్రావణిగా వాడే ఆక్టాడెసీన్ మరిగే ఉష్ణోగ్రత 315 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది కనుక గాలితో చల్లబడే గాజు గొట్టం సరిపోతుంది. ఫ్లాస్కు, స్టిర్ బార్, సిరంజి అన్నీ ఓవెనులో ఆరబెట్టినవై ఉండాలి. ఒక్క నీటి చుక్క 225 డిగ్రీల ద్రావణంలో పడినా అది ఫ్లాస్కు నుంచి పైకి చిమ్ముతుంది. వర్షాకాలంలో, తీర ప్రాంతపు ప్రయోగశాలల్లో గాజు పరికరాలు బయట పెట్టిన కాసేపటికే చెమ్మ పట్టుకుంటాయి. వాటిని చివరి నిమిషంలోనే ఓవెను నుంచి తీయండి.

రసాయనాలు అయిదే: కాడ్మియం ఆక్సైడు, ఒలీయిక్ ఆమ్లం, ఆక్టాడెసీన్, సెలీనియం పొడి, ట్రైఆక్టైల్ ఫాస్ఫీన్. వీటిలో చివరిదాన్ని కొనేటప్పుడు సీసా మీది శుద్ధతను తప్పక చూడండి. 90 శాతం శుద్ధత గల సీసాతో వచ్చిన ఫలితం 97 శాతం సీసాతో రాకపోవచ్చు. శుద్ధమైనదే మంచిదని అనుకోవడం సహజం కానీ ఇక్కడ సంగతి వేరు. తక్కువ శుద్ధత గల సీసాలో కొద్దిగా ఉండే డైఆక్టైల్ ఫాస్ఫీన్ వంటి ద్వితీయ ఫాస్ఫీన్లే సెలీనియాన్ని చురుకుగా చర్యలోకి దింపుతాయని 2010లో వెలువడిన పరిశోధనలు చూపాయి. అందుచేత మీ నోటుబుక్కులో రసాయనం పేరుతో పాటు కంపెనీ, శుద్ధత, లాట్ నంబరు కూడా రాసుకోండి. ఆరు నెలల తరువాత ఫలితం మారినప్పుడు మీకు దారి చూపేది ఆ ఒక్క పంక్తే.

సెలీనియం ద్రావణం

హుడ్‌లో 10 మి.లీ. ఫ్లాస్కు తీసుకుని 30 మి.గ్రా. సెలీనియం పొడి, 5 మి.లీ. ఆక్టాడెసీన్ వేయండి. జడవాయువు కింద సిరంజితో 0.4 మి.లీ. ట్రైఆక్టైల్ ఫాస్ఫీన్ చేర్చి కలియబెట్టండి. నల్లని పొడి మెల్లగా కరిగిపోతుంది. కరగకపోతే కొద్దిగా వెచ్చబెట్టండి. చివరకు మిగలవలసింది రంగు లేని, తేటైన ద్రావణం. అడుగున నల్లని రేణువులు ఉంటే ఇంకా సమయం ఇవ్వండి, మబ్బుగా ఉంటే ఫాస్ఫీన్ గాలికి చెడిపోయిందేమో చూడండి. ఈ ద్రావణం అయిదు ప్రయోగాలకు సరిపోతుంది. గది ఉష్ణోగ్రతకు చల్లారిన తరువాత, గాలి చొరబడకుండా మూసి ఉంచండి.

ఫాస్ఫీన్ వాసన ఘాటుగా, వదలకుండా ఉంటుంది. వాడిన సిరంజిని, చేతి తొడుగును హుడ్ బయటకు తీయకండి.

కాడ్మియం ద్రావణం

కాడ్మియం ఆక్సైడు గోధుమ ఎరుపు రంగులో ఉండే మెత్తని పొడి. ఈ ప్రయోగం మొత్తంలో అతి ప్రమాదకరమైన ఘట్టం దాన్ని తూచడమే, ఎందుకంటే తరువాతి దశలన్నింటిలో కాడ్మియం ద్రవంలో బందీగా ఉంటుంది, ఇక్కడ మాత్రం గాలిలోకి లేవగలదు. నైట్రైల్ తొడుగులు, తగిన మాస్కు ధరించి, ఫ్యాను గాలి తగలని చోట 13 మి.గ్రా. తూచండి. మిల్లీగ్రాములో పదో వంతు చూపే తూనిక కావాలి. తూచిన కాగితాన్ని, తొడుగులను వెంటనే కాడ్మియం వ్యర్థాల సంచిలో వేయండి.

ఆ పొడిని మూడు మెడల ఫ్లాస్కులో వేసి, 0.6 మి.లీ. ఒలీయిక్ ఆమ్లం, 10 మి.లీ. ఆక్టాడెసీన్ చేర్చండి. కాడ్మియం ఇందులో 0.1 మిల్లీమోలు, ఒలీయిక్ ఆమ్లం దానికి దాదాపు పందొమ్మిది రెట్లు. ఈ నిష్పత్తిని తేలిగ్గా తీసుకోకండి. ఆమ్లం పెంచితే కాడ్మియం చురుకుదనం తగ్గి, తక్కువ బీజాలు (కణాలు పెరగడానికి మొదలయ్యే అతి చిన్న స్ఫటికాలు) ఏర్పడి, ఒక్కొక్కటి ఎక్కువ పెద్దదవుతుంది.

వ్యాక్యూమ్ ఉన్నవారు 100 నుంచి 110 డిగ్రీల మధ్య అరగంట సేపు కలియబెడుతూ ద్రావణంలోని గాలిని, చెమ్మను లాగేయండి. బుడగలు ఆగిన తరువాత నైట్రజన్ నింపి, వేడిని క్రమంగా పెంచండి. ఎర్రని మడ్డిలా ఉన్న మిశ్రమం వేడెక్కే కొద్దీ పలచబడి, 200 డిగ్రీలు దాటే సరికి తేటపడుతుంది. కాడ్మియం ఆక్సైడు ఒలీయిక్ ఆమ్లంతో కలిసి కాడ్మియం ఒలియేటుగా మారిందని, నీరు ఉపఉత్పత్తిగా వెలువడిందని దీని అర్థం. ఆ నీరు కండెన్సరు గోడకు పట్టి మళ్ళీ ఫ్లాస్కులోకి జారితే చిటపటలు మొదలవుతాయి. నైట్రజన్ ప్రవాహాన్ని కాసేపు కొద్దిగా పెంచితే ఆ ఆవిరి బయటకు పోతుంది. ఇంకా జాగ్రత్త కావాలనుకునేవారు ద్రావణం తేటపడిన తరువాత 110 డిగ్రీలకు చల్లార్చి, మరోసారి వ్యాక్యూమ్ పెట్టవచ్చు.

ద్రావణం పూర్తిగా తేటపడకుండా ముందుకు వెళ్ళకండి. కరగని ఆక్సైడు రేణువులు ఉంటే కణాలు వేర్వేరు సమయాల్లో పుడతాయి, పరిమాణాలు చెల్లాచెదురవుతాయి.

సెలీనియం కలిపే క్షణం

ద్రావణం తేటపడుతుండగానే పది గాజు వయల్స్‌కు అంకెలు వేసి, ఒక వరుసలో, చల్లని నీటి తొట్టెలో నిలబెట్టండి. వయల్స్ లోపల ఏ ద్రావణి పోయకండి: 69 డిగ్రీలకే మరిగే హెక్సేనులో 225 డిగ్రీల ద్రవం పడితే అది ఉవ్వెత్తున పొంగుతుంది. చల్లని గాజు గోడే చర్యను ఆపడానికి చాలు. నమూనాలు తీయడానికి పొడవైన గాజు పాశ్చర్ పిపెట్టు వాడండి, ప్లాస్టిక్‌ది కరుగుతుంది. ఇద్దరు కలిసి పనిచేయడం ఎంతైనా అవసరం. ఒకరు పిపెట్టుతో తీస్తారు, మరొకరు స్టాప్ వాచీ చూస్తూ సమయం పలికి, రాస్తారు. ఇద్దరూ ఖాళీ ఫ్లాస్కుతో ఒకసారి సాధన చేయండి.

ఉష్ణోగ్రత 225 డిగ్రీల దగ్గర రెండు నిమిషాల పాటు నిలకడగా ఉన్న తరువాత, సిరంజిలోకి 1 మి.లీ. సెలీనియం ద్రావణం తీసుకుని, సెప్టం గుండా ఒక్క ఊపులో ఫ్లాస్కులోకి వదలండి. స్టాప్ వాచీ ఆ క్షణమే మొదలవ్వాలి.

ఒక్క ఊపులో అని ఎందుకు చెబుతున్నానో వివరించాలి. సెలీనియం ఒక్కసారిగా చేరినప్పుడు ద్రావణంలో కాడ్మియం సెలీనైడ్ గాఢత హద్దు దాటి, లెక్కలేనన్ని బీజాలు ఒకే క్షణంలో పుడతాయి. అలా పుట్టడంతోనే గాఢత పడిపోతుంది. అదే సమయంలో గది ఉష్ణోగ్రతలో ఉన్న 1 మి.లీ. ద్రావణం చేరడం వల్ల ఫ్లాస్కు వేడి కూడా లెక్క ప్రకారం పదిహేను డిగ్రీలకు పైగా తగ్గుతుంది. ఈ రెండు కారణాల వల్ల కొత్త బీజాలు పుట్టడం ఆగిపోయి, పుట్టినవి మాత్రమే పెరుగుతాయి. అన్నీ ఒకే వయసువి కనుక అన్నీ ఒకే పరిమాణంలో ఉంటాయి. సిరంజిని నెమ్మదిగా నొక్కితే ఒకవైపు పాతవి పెరుగుతుండగా మరోవైపు కొత్తవి పుడుతూనే ఉంటాయి. అప్పుడు వచ్చే కాంతి ఒక రంగు కాదు, రంగుల కలగూర. రసాయన శాస్త్రవేత్త లా మెర్ 1950లో గంధకపు కణాల విషయంలో ఇచ్చిన వివరణ ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

వేడి తగ్గింది కదా అని మాంటిల్‌ను గబుక్కున పెంచకండి. మాంటిల్ వేడిని అదుపు చేసే నియంత్రకాన్ని తన పని తాను చేసుకుపోనివ్వండి. అలా పెంచినవారి ఫ్లాస్కులో నిమిషం తరువాత ఉష్ణోగ్రత 240 దాటిపోయి, చివరి నమూనాలు పోల్చడానికి పనికిరాకుండా పోతాయి.

మొదటి నమూనాను వీలైనంత త్వరగా, పదో సెకను లోపే తీయండి. తరువాతి వాటిని తొలి నిమిషంలో పది పదిహేను సెకన్లకు ఒకటి చొప్పున, ఆపై అరనిమిషానికి ఒకటి చొప్పున, ఒక్కొక్కటి 1 మి.లీ. వంతున తీస్తూ, మూడు నిమిషాల్లో పది వయల్స్ నింపండి. విరామాలు మొదట్లో దగ్గరగా ఎందుకంటే పెరుగుదల వేగం కూడా మొదట్లోనే ఎక్కువ. అరిసెల పాకం పట్టేవారికి ఈ సంగతి విడిగా చెప్పనక్కరలేదు: ఉండపాకం వచ్చిన క్షణాన దించకపోతే మరుక్షణం అది ముదురుతుంది, వెనక్కి తేవడం ఎవరి వల్లా కాదు.

వయల్స్ వరుసలో మామూలు వెలుతురులోనే లేత పసుపు నుంచి నారింజ వరకు క్రమంగా చిక్కబడే రంగులు కనిపిస్తాయి. గది చీకటి చేసి, అతినీలలోహిత కాంతిని ఆపే కళ్ళద్దాలు పెట్టుకుని, 365 నానోమీటర్ల టార్చి వెలుతురు వేసి చూడండి. మొదటి నమూనా పాలిపోయిన తెల్లని ఛాయతో, బలహీనంగా వెలగవచ్చు. అతి చిన్న కణాల్లో చాలా పరమాణువులు ఉపరితలం మీదే ఉంటాయి కనుక, అక్కడి లోపాల్లో చిక్కుకున్న ఎలక్ట్రాన్లు రకరకాల శక్తులతో కాంతిని వదలడమే దీనికి కారణం. తరువాతివి పచ్చ, పసుపు, నారింజ రంగుల్లో స్పష్టంగా వెలుగుతాయి. ఈ వంటకంలో ముదురు ఎరుపు ఆశించకండి. అందుకు ఎక్కువ సమయం, ఎక్కువ వేడి, లేదా మధ్యలో మళ్ళీ ముడిపదార్థం చేర్చడం కావాలి. ఊరికే ఎక్కువ సేపు కాగబెడితే చిన్న కణాలు కరిగి, ఆ పదార్థం పెద్దవాటి మీద చేరి, పరిమాణాల మధ్య తేడా పెరుగుతుంది.

శుద్ధి

నమూనాలో ఇంకా చర్య జరగని కాడ్మియం ఒలియేటు, మిగులు ఫాస్ఫీన్, కావలసినంత ఆక్టాడెసీన్ ఉంటాయి. ఏసీ గదిలో నిల్వ ఉంచితే ఆక్టాడెసీన్ గడ్డకట్టి కనిపించవచ్చు, అది 18 డిగ్రీల లోపు గడ్డకట్టే ద్రవం. వెచ్చబెడితే మళ్ళీ కరుగుతుంది, నమూనా చెడిపోయిందని పారబోయకండి.

పూర్తిగా చల్లారిన నమూనాకు సమాన పరిమాణంలో హెక్సేన్ లేదా టోల్యూన్ చేర్చండి. తరువాత ఇథనాల్‌ను కొద్ది కొద్దిగా, ద్రావణం మబ్బుపట్టి అలాగే నిలిచేదాకా కలపండి. నిమిషానికి 5000 భ్రమణాల వద్ద పది నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేస్తే కణాలు అడుగుకు చేరతాయి. ట్యూబులు పాలీప్రొపిలీన్‌వి కావాలి, పాలీస్టైరీన్ ట్యూబు టోల్యూన్‌కు కరిగిపోతుంది. పై ద్రవాన్ని వ్యర్థాల సీసాలోకి వంచి, అడుగున ఉన్నదాన్ని కొద్దిపాటి టోల్యూన్‌లో తిరిగి కరిగించండి. రెండుసార్లు చేస్తే చాలు. మరీ ఎక్కువసార్లు కడిగితే కణం ఉపరితలాన్ని కప్పి ఉంచే ఒలియేటు అణువులు ఊడిపోతాయి, వెలుగు తగ్గుతుంది, చివరకు కణాలు ముద్దకట్టి మళ్ళీ కరగవు. శుభ్రతకూ వెలుగుకూ మధ్య ఎక్కడ ఆగాలో కడిగిన ప్రతిసారీ టార్చి వేసి చూస్తేనే తెలుస్తుంది.

కొలతలు

ముందుగా శోషణ వర్ణపటం తీయండి. తరంగదైర్ఘ్యం ఎక్కువగా ఉన్న వైపు నుంచి చూస్తే మొదట ఎదురయ్యే శిఖరమే ఎక్సిటాన్ (జంటకట్టిన ఎలక్ట్రాన్, హోల్) శిఖరం. దాని స్థానం నుంచి కణం వ్యాసాన్ని లెక్కించడానికి పెంగ్ బృందం 2003లో ప్రచురించిన సూత్రం అందరూ వాడేదే. ఆ సూత్రం ప్రకారం శిఖరం 500 నానోమీటర్ల వద్ద ఉంటే వ్యాసం సుమారు 2.3 నానోమీటర్లు, 550 వద్ద ఉంటే సుమారు 3, 590 వద్ద ఉంటే సుమారు 4.2. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు అందుబాటులో లేని కళాశాలలకు ఈ ఒక్క కొలత ఎంతో మేలు చేస్తుంది. శిఖరం కొండకొనలా స్పష్టంగా ఉందా, వాలులో కలిసిపోయిందా అన్నది కూడా చూడండి. కలిసిపోతే పరిమాణాలు చెదిరాయని అర్థం.

ఉద్గార వర్ణపటానికి ద్రావణాన్ని బాగా పలచన చేసి, ఉత్తేజిత తరంగదైర్ఘ్యం వద్ద శోషణ 0.1 కంటె తక్కువ ఉండేలా చూసుకోండి. చిక్కటి ద్రావణంలో ఒక కణం వదిలిన కాంతిని మరొకటి మింగేసి, శిఖరాన్ని ఎరుపు వైపు జరిపి చూపిస్తుంది. ఉద్గార శిఖరం శోషణ శిఖరానికి పది ఇరవై నానోమీటర్ల దూరంలో, ఎరుపు వైపు ఉండాలి. సగం ఎత్తు వద్ద దాని వెడల్పు 30 నానోమీటర్ల దగ్గర ఉంటే పని బాగా వచ్చినట్టే. 50 దాటితే సిరంజి నొక్కిన తీరును, ఉష్ణోగ్రత నమోదును తిరిగి పరిశీలించండి. కణాలు పీల్చుకున్న కాంతిలో ఎంత శాతం తిరిగి వెలువడుతోందో తెలియాలంటే ఇథనాల్‌లో కరిగించిన రోడమిన్ 6జీ వంటి ప్రమాణంతో పోల్చండి.

ఈ శాతం తక్కువగా వచ్చిందని నిరాశపడకండి. పై పొర లేని కాడ్మియం సెలీనైడ్ కణాలు సాధారణంగా అంతే, గాలికి, వెలుతురుకు ఇంకా మసకబారతాయి కూడా. 1996లో షికాగో విశ్వవిద్యాలయంలో హైన్స్, గియో-సియోనెస్ట్ ఈ కణాల మీద జింకు సల్ఫైడు పలుచని పొర పెంచి, గది ఉష్ణోగ్రత వద్దనే 50 శాతం సామర్థ్యాన్ని సాధించారు. జింకు సల్ఫైడు గ్యాప్ పెద్దది కనుక ఎలక్ట్రాన్ లోపలే ఉండిపోయి, ఉపరితల లోపాల దాకా చేరదు. అయితే రెండు స్ఫటికాల పరమాణు దూరాల్లో దాదాపు 12 శాతం తేడా ఉండటంతో పొర మందమైతే ఒత్తిడికి పగుళ్ళు వస్తాయి. ఒకటి రెండు పరమాణు పొరల దగ్గరే ఆగాలి, లేదా మధ్యలో కాడ్మియం సల్ఫైడు పొర వేయాలి. కేంద్ర కణాలు వరుసగా మూడుసార్లు ఒకే శిఖరంతో రావడం మొదలయ్యాకనే పొర పనికి పూనుకోండి. అంతకు ముందు చేస్తే, ఏ మార్పు పొర వల్ల వచ్చిందో, ఏది కేంద్రం వల్ల వచ్చిందో విడదీయలేరు.

నిల్వ, వ్యర్థాలు

శుద్ధి చేసిన ద్రావణాన్ని గోధుమ రంగు గాజు సీసాల్లో, నైట్రజన్ కింద, వెలుతురు పడకుండా ఉంచండి. సీసా మీద తేదీ, నమూనా సంఖ్య, శిఖరం స్థానం, కాడ్మియం ఉందన్న హెచ్చరిక తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయండి. ప్రయోగశాల శుభ్రం చేసే సిబ్బంది కూడా చదవగలగాలి.

ఈ ప్రయోగంలో ఏ ద్రవాన్నీ సింకులో పోయకూడదు. కడిగిన ఇథనాల్, పాత నమూనాలు, ఫ్లాస్కును తుడిచిన టోల్యూన్ అన్నీ కాడ్మియం అని రాసిన ఒకే ద్రవ వ్యర్థాల డబ్బాలోకి, తొడుగులు, పిపెట్లు, సెప్టాలు, తుడిచిన కాగితాలు ఘన వ్యర్థాల డబ్బాలోకి వెళ్ళాలి. నైట్రిక్ ఆమ్లం అవసరమైతే గాజు పరికరాలను ముందు టోల్యూన్‌తో, ఆపై ఇథనాల్‌తో, ఆపై నీటితో పూర్తిగా కడిగిన తరువాతే వాడండి. సేంద్రియ ద్రావణులు మిగిలి ఉండగా నైట్రిక్ ఆమ్లం పోస్తే పేలుడు జరగవచ్చు. ఆ ఆమ్లపు కడుగునీటిలోనూ కాడ్మియం ఉంటుంది కనుక దాన్ని వేరే డబ్బాలో పోయండి, ద్రావణుల డబ్బాలో కలపకండి. డబ్బాలు నిండిన తరువాత 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం అనుమతి పొందిన సంస్థకే అప్పగించాలి. మీ కళాశాలకు అలాంటి సంస్థతో ఒప్పందం ఉందో లేదో కాడ్మియం ఆక్సైడు సీసాకు ఆర్డరు పెట్టకముందే కనుక్కోండి.